కావలెను: సైబర్ బాధితుల ట్రస్టుకు ట్రస్టీలు

గుళ్లో ధర్మకర్త కావాలంటే ఎమ్మెల్యే సిఫారసు కావాలి. సర్పంచి కావాలంటే ఓట్లు కావాలి. సైబర్ మోసాల బాధితులను ఆదుకునే ట్రస్టులో ట్రస్టీ కావడానికి మాత్రం ఒక ఖాళీ సాయంత్రం, శాలువా జారిపోని భుజాలు ఉంటే చాలు. సేవ చేయాలని ఉబలాటపడుతున్న నల్లగొండ, పాలమూరు పెద్దమనుషుల సౌకర్యార్థం ఈ పదవి విధివిధానాలను ఇక్కడ పొందుపరుస్తున్నాం.

మొట్టమొదటి పని ఫ్లెక్సీ. పేరుకు ట్రస్టు అన్నా, సొసైటీగా రిజిస్టర్ చేయించుకుంటే చట్టం ప్రకారం కనీసం 7 మంది సభ్యులు ఉండాలి. కాబట్టి గడియారం సెంటర్‌లో కట్టే ఫ్లెక్సీ మీద ఏడు ముఖాలకు ముందే చోటు వదలాలి. మిగిలిన మూలలో సైబర్ మోసాల ఫిర్యాదుల హెల్ప్‌లైన్ నంబరు 1930 వేయించవచ్చు. ఎక్కడి నుంచో పాత డిజైన్ తెచ్చుకుంటే అక్కడ 155260 అని ఉంటుంది. అది 2021లో పెట్టిన నంబరు, తర్వాత 1930 అయింది. ముఖాలు సరిగ్గా వచ్చాయా లేదా అన్నదే చూస్తాం గనుక కంగారు పడనక్కర్లేదు.

ఇక ఫోన్లు. ఈ బాధితులకు వేళాపాళా ఉండదు. మిర్యాలగూడ పక్క ఊరి రైతును తీసుకోండి. వడ్ల పైసలు ఖాతాలో పడ్డ సాయంత్రమే వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్ పేరుతో ఒక ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్ వస్తుంది. బండి మీద ఫైన్ ఎంతుందో చూద్దామని నొక్కుతాడు, మెసేజ్‌లు చదువుకోవడానికి అనుమతి కూడా ఇస్తాడు. ఇక ఓటీపీలు ఆయన కంటే ముందు అవతలివాడు చదువుతాడు. రాత్రి తొమ్మిదింటికి ఖాతా ఊడ్చుకుపోయి, ఆయన ట్రస్టీకి ఫోన్ చేస్తాడు. ఉత్తమ ట్రస్టీ అప్పుడు చేయవలసింది మందలింపు. "ఏందే మామా, ఎవడో పంపితే నొక్కుడేనా? జర సోయి ఉండొద్దా?" అని ఎత్తుకుని, డిగ్రీ చదివిన కొడుకు ఇంట్లోనే ఉండి ఏం చేస్తున్నాడని ఆరా తీసి, వెనకట పోస్టాఫీసు పాసుబుక్కు ఎంత భద్రంగా ఉండేదో వివరించి ముగించాలి. మొత్తం ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల్లో పైసలు ఊరికే కూర్చోవు. మొదటి ఖాతాలోంచి నాలుగైదు ఖాతాలకు చీలుతాయి, అక్కడి నుంచి ఇంకొన్నింటికి. ఖర్చులకు వస్తాయని తమ ఖాతాను, ఏటీఎం కార్డును కిరాయికి ఇచ్చిన కుర్రాళ్ల పేర్ల మీదే ఇవన్నీ నడుస్తాయి. ఈ వరుసల్నే పోలీసులు, బ్యాంకులవాళ్లు లేయర్లు అంటారు. పైసలు ఖాతాలో ఉన్నంతసేపే వాటిని హోల్డ్‌లో పెట్టే, అంటే కదలకుండా ఆపే వీలుంటుంది. ఏటీఎంలోంచి నోట్లుగా బయటపడ్డాయా, హోల్డ్ చేయడానికి ఏమీ మిగలదు. తొలి గంటను గోల్డెన్ అవర్ అన్నది ఇందుకే. ఆ బంగారు గంటను ట్రస్టీ క్రమశిక్షణ నేర్పడానికి వినియోగిస్తాడు.

కొందరు చాదస్తులైన ట్రస్టీలున్నారు, వాళ్లతో జాగ్రత్త. ఫోన్ ఎత్తగానే "భయపడకు మామా. ముందుగాల నెట్ బంద్ చెయ్యి. సిమ్ము తీసి అత్తమ్మ డబ్బా ఫోన్ల వేసి, అండ్లకెల్లి 1930కి కొట్టు" అంటారు. బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, యూపీఐ అయితే ఆ లావాదేవీకి గుర్తుగా ఉండే 12 అంకెల నంబరు (యూటీఆర్), ఇవన్నీ కాగితం మీద రాయించి రెండుసార్లు చదివించుకుంటారు. అంకె తప్పితే బ్యాంకుకు ఆ లావాదేవీ దొరకదు. మూడుసార్లు పోతే మూడు యూటీఆర్‌లూ చెప్పాలట, చెప్పనిదాన్ని ఎవరూ వెతకరట. ఫిర్యాదు అందినట్టు మెసేజ్‌గా వచ్చిన ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరును గోడమీది క్యాలెండర్‌లో రాయిస్తారు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు పెట్టించేదాకా పడుకోరు. ఫోన్ ఫార్మాట్ కొట్టిస్తానని బయల్దేరిన మేనల్లుడిని కూడా ఆపేస్తారు. ఆ ఏపీకే, అది పంపిన నంబరు, వచ్చిన సమయం సాక్ష్యాలు, వాటి స్క్రీన్‌షాట్లు తీసేదాకా ముట్టొద్దంటారు. రాత్రంతా ఇంత జరిగినా ఫొటోకు పనికొచ్చే ఘట్టం ఒక్కటీ ఉండదు.

ఫొటోలకు అవగాహన సదస్సు ఉంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు గానీ, అతిథుల తేదీలు కుదరాలి గదా. సదస్సులో డార్క్ వెబ్ గురించి నలభై నిమిషాలు సాగాలి. డిజిటల్ అరెస్టు అనేది ఈ దేశంలో ఏ చట్టంలోనూ లేదు, వీడియో కాల్‌లో ఎవరూ ఎవరినీ అరెస్టు చేయలేరు అన్న ఒక్క ముక్కకు మాత్రం సమయం చాలదు. ముందు వరుసలో కూర్చున్న రిటైర్డ్ పంతులుగారికి కావలసింది ఆ ముక్కే అయినా సరే.

బ్యాంకుకు తోడు వెళ్లడం కూడా మన పని కాదు. వెళితే రిజర్వ్ బ్యాంకు నిబంధనలు చదవాల్సి వస్తుంది. బ్యాంకుదీ ఖాతాదారుదీ తప్పు లేకుండా మూడోవాడి వల్ల పైసలు పోయి, మూడు పనిదినాల్లో చెబితే నష్టం ఖాతాదారుది కాదు. ఓటీపీ తనే చెప్పి పోగొట్టుకున్నా, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయేదాన్ని బ్యాంకే భరించాలి. అందుకే ఎన్ని గంటలకు చెప్పామో తేదీతో సహా రసీదు ఉండాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రుసుము లేకుండా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. హోల్డ్‌లో ఆగిన పైసలు కూడా వాటంతటవి ఇంటికి రావు. చాలాసార్లు కోర్టు ఉత్తర్వో లోక్ అదాలత్ ఉత్తర్వో కావాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. దేవరకొండ తండా నుంచి వచ్చిన ఆడమనిషికి ఈ సంగతి చెబితే చాలు, పని అయిపోతుంది. అయిపోతే మళ్లీ ట్రస్టు దగ్గరికి ఎందుకొస్తుంది?

వచ్చినప్పుడే ఆమెకు ఓ ఐదు వేల చెక్కు ఇచ్చి ఫొటో తీయాలి. ముఖం, ఊరు, పోయిన మొత్తం కనబడేలా వాట్సాప్ గ్రూపులన్నింటికీ పంపాలి. వారం తిరక్కుండా ఆమెకు ఇంకో ఫోన్ వస్తుంది: "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ పైసలు దొరికినయ్, పది శాతం ఫీజు కట్టండి." ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాకు ఆ బజారులో మంచి గిరాకీ ఉంది. మనం దాన్ని ఫొటోలతో సహా ఉచితంగా ఇస్తున్నాం. ఇంతకు మించిన సేవ ఏముంటుంది?

చివరగా, చందాలు. సంతకాలు పెట్టిన ఖాళీ చెక్కుబుక్కు కోశాధికారి బీరువాలో ఉండాలి. నగదు చందా 2,000 రూపాయలు దాటితే దాతకు పన్ను మినహాయింపు రాదంటూ రసీదులు అడిగే ఆడిటర్‌ను మార్చాలి. హైదరాబాద్ నుంచి ఓ దాత దిగి "పది లక్షలు మీ ఖాతాల వేస్త, తొమ్మిది నగదుగా వాపస్ ఇయ్యుండ్రి" అంటే, ఎవరి పైసలో అడగడం మర్యాద కాదు.

అవి ఎవరివో తర్వాత తెలుస్తుంది. ఏదో రాష్ట్రంలో ఎవరో 1930కి ఫోన్ చేసి ఉంటారు, అక్కడ ఎవరో చాదస్తుడు యూటీఆర్ సరిగ్గా చదివించి ఉంటాడు. ట్రస్టు ఖాతా ఫ్రీజ్ అవుతుంది. ఫ్లెక్సీలో ఉన్న ఏడుగురూ ఏనాడూ లేనిది ఒకేసారి బ్యాంకుకు చేరుకుంటారు. కౌంటర్‌లోని అమ్మాయి ఒక ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, పేరెన్నడూ వినని ఊరి పోలీసు స్టేషన్ పేరు చీటీ మీద రాసిచ్చి, అక్కడి దర్యాప్తు అధికారికి ఉత్తరం రాసుకోమంటుంది. లోపలి నుంచి మేనేజర్ వచ్చి ఏడుగురినీ పైనుంచి కిందికి చూస్తాడు.

"ఏంది సార్, పెద్దమనుషులు, ఎవడో పంపితే తీసుకునుడేనా? జర సోయి ఉండొద్దా?" అని ఎత్తుకుంటాడు. మొత్తం ఇరవై నిమిషాలు.