ఫ్లూ చదివినావిడకి కోతులతో పనేంటి?

మా సంఘం ఏటా ఇచ్చే పురస్కారాలకి దరఖాస్తులు చూసే పని ఈసారి నా మీద కూడా పడింది. ఒక శాస్త్రవేత్త జాబితా దగ్గర కమిటీ ఆగిపోయింది. సగం పేపర్లు ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ల మీద, మిగతా సగం కోతుల ప్రవర్తన మీద. "ఈవిడ ఏ ఎండకా గొడుగు పట్టే రకంలా ఉన్నారండీ" అని ఒక పెద్దాయన తేల్చేశారు. సైటేషన్లు, అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో ప్రస్తావించిన లెక్క, ఎక్కువున్న మరొకరికి మార్కులు పడ్డాయి. నాకది నచ్చలేదు. మీటింగులో చెప్పడానికి టైము చాలలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఐవరీ కోస్ట్‌లో తాయ్ అనే అడవి ఉంది. అక్కడ క్రిస్టోఫ్ బోష్ అనే శాస్త్రవేత్త 1979లో చింపాంజీలను గమనించడం మొదలుపెట్టారు. ఏది ఎవరి బిడ్డ, ఏది ఎవరి వెంట తిరుగుతుంది, రాయితో కాయ పగలగొట్టడం ఎప్పుడు వచ్చింది, అన్నీ నోటుపుస్తకాలకెక్కాయి. 1999, 2006 మధ్య కొన్ని విడతలుగా ఆ చింపాంజీలు దగ్గి దగ్గి చనిపోయాయి. వాటి ఊపిరితిత్తుల్లో దొరికినవి మనకి జలుబు, దగ్గు తెప్పించే వైరస్‌లు. ఫ్లూ కాదు, కానీ ఫ్లూ లాగే ఊపిరి దారిన పాకేవే. అవి మనుషుల నుంచే వచ్చాయని 2008లో ఆ పరిశోధకులే అచ్చులో ఒప్పుకున్నారు. తమ మీదికే వస్తుందని తెలిసీ రాశారంటే మెచ్చుకోవాలి. పరిశోధకులు తిరుగుతున్న చోట వేటగాళ్ల బెడద తగ్గిందని కూడా అదే పేపర్లో ఉంది. అంటే లేచి వచ్చేయడం మందు కాదు. మాస్కు కట్టుకుని, దూరం పాటిస్తూ అక్కడే ఉండాలి. వైరస్ ఒక్కటే తెలిసినవాళ్లకి గానీ, చింపాంజీలు మాత్రమే తెలిసినవాళ్లకి గానీ ఈ ముడి విప్పడం సాధ్యమయ్యేదా?

ఫ్లూకీ కోతికీ పాత చుట్టరికమే. 1918 మహమ్మారిలో ట్యూనిస్‌లో నికోల్, లెబాయి అనే ఇద్దరు రోగి కఫాన్ని కోతికి ఎక్కించి, వడగట్టిన కఫాన్ని మనుషులకి ఎక్కించి, జబ్బుకు కారణం బాక్టీరియా కంటే చిన్నదని వాదించారు. ఇక మన దేశంలో 1957లో కర్ణాటకలో షిమోగా వైపు క్యాసనూరు అడవి జ్వరం (అది ఫ్లూ కాదు, వేరే వైరస్) బయటపడింది కోతుల చావుల వల్లే. పుణె శాస్త్రవేత్తలు వైరస్‌ని పట్టుకునేలోపే, అడవిలో కోతులు రాలిపోతున్నాయని ఊళ్లవాళ్లకి తెలుసు.

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి సంగతి చూడండి. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. జీడితోటల మీద పడే కోతుల గుంపుకి ఏ రాష్ట్రమైతేనేం? సంతకొచ్చే నాటుకోడికీ అంతే. కోళ్లు చచ్చిపోతే మాత్రం ఒక పక్క కబురు శ్రీకాకుళం పోతుంది, ఇంకో పక్కది భువనేశ్వర్ పోతుంది. శాంపిల్ చివరికి చేరేది జంతువుల జబ్బులు పరీక్షించే భోపాల్ ల్యాబుకే అనుకోండి. 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో దేశానికి తొలిసారి బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు అది కోళ్ల ఫారాల గొడవ అనుకున్నాం. 2025లో పల్నాడులో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో ఒక పసిపాప పోయింది. ఎవరు దేన్ని ముట్టుకుంటారు, ఎక్కడ, ఎంత దగ్గరగా అన్నది చూసి రాసుకునే మనిషి కావాలి. ఆ దరఖాస్తులో రెండు సగాలూ అడిగేది ఆ ప్రశ్నే. పెద్దాయన మొదటి పేజీ దాటి ఉంటే తెలిసేది.

రెండు దారుల్లో నడిచిన మనిషిని చిన్నచూపు చూడటం పర్లాకిమిడి వాళ్లకి అసలు తగదు. గిడుగు రామమూర్తి గారు ఉద్యోగానికి చరిత్ర మేష్టారు. చేసింది సవర అనే గిరిజన భాష పని. కొండలెక్కి సవరల మధ్య తిరిగి, మలేరియాకి క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. దశాబ్దాల ఆ శ్రమ 1931లో సవర వ్యాకరణంగా అచ్చయింది. ఆయన దరఖాస్తు మా కమిటీకి వస్తే "చరిత్ర మేష్టారికి సవరలతో పనేంటి" అని పక్కన పెట్టేసేవాళ్లమే!

వచ్చే ఏడు దరఖాస్తు ఫారంలోంచి సైటేషన్ల గడి తీసేయమని కార్యవర్గానికి రాసిచ్చాను. బదులుగా ఫీల్డు నోటుపుస్తకం నుంచి కొన్ని పేజీలు జతచేయమందాం. తెలుగులో ఉన్నా, ఒడియాలో ఉన్నా చదివించుకుందాం. దాంతోపాటు పర్లాకిమిడి, రాయగడ, బరంపురం కాలేజీల్లో జువాలజీ చదివే పిల్లల్లో ఒకరికి, ఏడాది పొడుగునా ఒకే కోతుల గుంపుని గమనించడానికి బస్సు ఖర్చులు, బైనాక్యులర్ ఇద్దాం. మన వార్షికోత్సవం భోజనాల బిల్లు ముందు అదెంత? అభ్యంతరం ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశంలో చెప్పండి, లెక్కలు పట్టుకొస్తాను.