సవరణ: బ్రోనెమార్క్ డెంటిస్ట్ కాదు

పళ్ళ ఇంప్లాంట్ల (ఊడిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూలు) మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో, వాటికి దారి వేసినాయన గురించి "స్వీడన్ డెంటిస్ట్ బ్రోనెమార్క్" అని రాశాను, అక్కడ డెంటిస్ట్ తీసేసి డాక్టర్ అని చదువుకోండి, ఆయన తర్వాత గోథెన్‌బర్గ్‌లో అనాటమీ ప్రొఫెసర్ కూడా. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో ఆయన వెతుకుతున్నది అసలు పళ్ళ సంగతే కాదు, ఎముక లోపల రక్తం ఎలా పారుతుందో చూద్దామని కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం గొట్టం లాంటిది పెట్టి మైక్రోస్కోప్‌లో చూసేవారు, పనయ్యాక తీద్దామంటే అది ఊడి రాలేదు, ఎముక దాన్ని గట్టిగా పట్టేసింది! నాకైతే మొత్తం కథలో ఇదే ముఖ్యం, టైటానియం ఇంప్లాంట్ల ఆలోచన పుట్టింది ఇక్కడే. ఆయన మొదటిసారి మనిషికి పెట్టింది 1965లో, పుట్టుకతోనే దవడ లోపం ఉన్న ఒక పేషెంట్‌కి, కింది దవడలో నాలుగు ఇంప్లాంట్లు, అవి ఆ పేషెంట్ 2006లో పోయేదాకా పనిచేశాయి.

ఇంకోటి, ఆ పోస్టులో ఇంప్లాంట్ ఎముకకి "అతుక్కుంటుంది" అంటే సిమెంటు పెట్టి అంటిస్తారని కొందరు అనుకున్నారు, అలా ఏమీ ఉండదు, ఎముకే పెరిగి పట్టుకోవాలి, అందుకే పాత పద్ధతిలో కింది దవడకి మూడు నెలలు, పైదానికి ఆరు నెలలు ఆగి అప్పుడు పళ్ళు బిగించేవాళ్ళు.