ఔషధ గంజాయి రోగికి ఎలాంటి యాప్ కావాలి

ఔషధ గంజాయిని చట్టం అనుమతించిన దేశాల్లో, వైద్యుడు చీటీ రాసిచ్చిన తర్వాతే రోగికి అసలు చిక్కు మొదలవుతుంది. ఎంత తీసుకోవాలి, ఏ వేళకు తీసుకోవాలి, పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్నలకు ఆ చీటీలో పూర్తి జవాబు దొరకదు. కొన్ని రకాల తీవ్ర మూర్ఛలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఆమోదించిన ఎపిడియోలెక్స్ వంటి మందులకు శరీర బరువును బట్టి మోతాదు నిర్ణయించి ఉంటుంది. ఎండిన పువ్వుగానో నూనెగానో అందే గంజాయికి అందరికీ సరిపడే అలాంటి కొలత లేదు. రోగి చాలా తక్కువతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఉపశమనం కలిగి దుష్ప్రభావాలు తలెత్తని చోట ఆగాలి. పైగా ఆవిరిగా పీల్చితే నిమిషాల్లో తెలిసే ప్రభావం, నోటి ద్వారా తీసుకుంటే అరగంట నుంచి రెండు గంటల దాకా కనిపించకపోవచ్చు. కనిపించాక ఆరేడు గంటలో, అంతకు మించో నిలవవచ్చు. ఈ తేడా తెలియక, మొదటి మోతాదు పనిచేయలేదనుకుని వెంటనే రెండోది తీసుకుంటే తీవ్రమైన ఆందోళన, గుండెదడ, తలతిరుగుడు వంటి బాధలు తప్పకపోవచ్చు. ఇలాంటి మందు వాడేవారికి చేతిలోని ఫోన్ నిజంగానే తోడ్పడగలదు. అయితే వారి ముందున్న యాప్‌లలో ఏది రోగి కోసం తయారైందో, ఏది అమ్మకం కోసం తయారైందో విడదీసి చూడటం అవసరమని మేము భావిస్తున్నాం.

మా దృష్టిలో వీటన్నిటిలోకీ విలువైనది లక్షణాల చిట్టా రాసుకునే యాప్. కెనడాలో పుట్టిన స్ట్రెయిన్‌ప్రింట్, అమెరికాలో వచ్చిన రిలీఫ్ ఈ కోవలోవి. మందు తీసుకునే ముందు నొప్పి గానీ ఆందోళన గానీ ఏ స్థాయిలో ఉందో ఒక అంకెతో గుర్తించాలి. ఏ ఉత్పత్తిని, ఎంత, ఏ పద్ధతిలో తీసుకున్నదీ నమోదు చేయాలి. కొంతసేపటికి మళ్లీ ఆ అంకెను వేయాలి. పని ఇంతే. కానీ తర్వాతిసారి వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ‘కాస్త నయంగానే ఉందండీ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఏ మోతాదు తీసుకున్న రాత్రి నిద్ర పట్టింది, ఏ మోతాదు తీసుకున్న మర్నాడు మగతగా ఉంది అన్నది రోగి చూపించగలుగుతారు. మోతాదును రోగే వెతుక్కోవాల్సిన చికిత్సలో వైద్యుడికి ఇంతకన్నా పనికొచ్చే ఆధారం లేదు.

ఈ చిట్టా చెప్పగలిగేది ఎంత లోతైనదో ఒక అధ్యయనం చూపింది. స్ట్రెయిన్‌ప్రింట్‌లో వినియోగదారులు నమోదు చేసిన వివరాలను వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విశ్లేషించి 2018లో ఫలితాలు ప్రచురించారు. గంజాయి పీల్చిన తర్వాత కుంగుబాటు 50 శాతం, ఆందోళన, ఒత్తిడి 58 శాతం చొప్పున తగ్గినట్టు వినియోగదారులు వేసిన అంకెలు చెప్పాయి. అమ్మేవారికి ఆ ఒక్క వాక్యం చాలు. అదే అధ్యయనంలో మరో ఫలితం కూడా ఉంది: కాలం గడిచేకొద్దీ, మందు తీసుకోకముందు ఉండే కుంగుబాటు స్థాయి పెరుగుతూ వచ్చింది. అంటే ప్రతిసారీ ఉపశమనం కలుగుతున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం అసలు జబ్బు ముదురుతూ ఉండవచ్చు. ఇది రోగికి తనంత తానుగా తెలిసే విషయం కాదు. మనిషికి గుర్తుండేది నిన్న సాయంత్రం దొరికిన ఊరటే తప్ప మూడు నెలల కిందటి ఉదయం తానెలా ఉన్నదీ కాదు. తలనొప్పి, మైగ్రేన్ బాధితుల నమోదులపై జరిగిన మరో విశ్లేషణలోనూ నొప్పి దాదాపు సగానికి తగ్గినట్టు కనబడినా, వాడకం కొనసాగేకొద్దీ మందుకు శరీరం అలవాటు పడుతున్న సూచనలు బయటపడ్డాయి. కాబట్టి మంచి యాప్ అంటే ‘ఈరోజు మీకు ఇంత ఉపశమనం’ అని మెచ్చుకునేది కాదు. మందుకు ముందరి స్థితి నెలల తరబడి ఎటు పోతోందో గీతగా గీసి ఎదుట పెట్టేది, మోతాదు అదేపనిగా పెరుగుతుంటే వైద్యుణ్ని కలవమని స్పష్టంగా చెప్పేది.

అలాగని ఈ అంకెలను మందు సమర్థతకు రుజువుగా తీసుకోకూడదు. వాటిలో ఉత్తుత్తి మందు తీసుకుని పోల్చి చూసే బృందం లేదు. గంజాయి పనిచేయనివారు చిట్టా రాయడం మానేస్తారు కనుక మిగిలే నమోదుల్లో మేలు పొందినవారే ఎక్కువగా ఉంటారు. ఒక రోగి తన చికిత్సను తానే గమనించుకోవడానికి చిట్టా గొప్ప సాధనం. మరొక రోగికి మందు సిఫారసు చేయడానికి మాత్రం అది చాలదు.

దుకాణాలను, వాటిలోని సరుకును చూపించే యాప్‌ల సంగతి వేరు. 2008లో మొదలైన వీడ్‌మ్యాప్స్, 2010లో వచ్చిన లీఫ్లీ వీటిలో ప్రసిద్ధమైనవి. నడవడమే కష్టమైన రోగికి తనకు అవసరమైన నూనె ఎక్కడ ఉందో ముందే తెలియడం పెద్ద సాయమే, దాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఈ వేదికలకు ఆదాయం వచ్చేది దుకాణాలు, ఉత్పత్తిదారుల నుంచి. అందువల్ల ‘నిద్రకు ఇది, ఉత్సాహానికి అది’ అని రకాల పేర్లతో వచ్చే సూచనలను ప్రకటనలుగానే చూడాలి. గంజాయి మొక్కల్లో ఇండికా రకం అంటే మత్తు, సటైవా రకం అంటే చురుకుదనం అన్న విభజనకు రసాయన ఆధారం బలహీనం. కెనడా పరిశోధకులు 2015లో చేసిన జన్యు పరీక్షల్లో ఒకే పేరుతో చలామణీ అయ్యే మొక్కలు చాలాసార్లు ఒకదానికొకటి సరిపోలలేదు. అమెరికాలో సుమారు 90 వేల నమూనాల ప్రయోగశాల ఫలితాలను పరిశీలించి 2022లో వెలువరించిన అధ్యయనం కూడా ఆ వాణిజ్య పేర్లకూ లోపలి రసాయనాలకూ పొంతన అంతంతమాత్రమేనని తేల్చింది. సీసా మీది అంకెలనూ కళ్లు మూసుకుని నమ్మలేం: గంజాయిలోని మత్తు కలిగించని పదార్థమైన సీబీడీతో చేసిన 84 ఉత్పత్తులను ఆన్‌లైన్‌లో కొని పరీక్షించి 2017లో ప్రచురించిన నివేదికలో 26 మాత్రమే లేబుల్‌పై రాసిన పరిమాణానికి సరిపోయాయి; 18 ఉత్పత్తుల్లో మత్తు కలిగించే టీహెచ్‌సీ కనిపించింది. ఈ పరిస్థితిలో రోగికి ఉపయోగపడేది రకం పేరు కాదు, సరుకు బ్యాచ్ సంఖ్య. ఆ సంఖ్యను ఫోన్ కెమెరాతో చదివి, దానికి సంబంధించిన ప్రయోగశాల ధ్రువపత్రాన్ని తెరిచి చూపే సౌకర్యం ప్రతి చిట్టా యాప్‌లోనూ ఉండాలి.

ఇతర మందులతో కలిగే ఘర్షణ విషయంలోనూ యాప్ హెచ్చరించగలగాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే క్లోబజామ్ వంటివాటి ప్రభావాన్ని సీబీడీ పెంచగలదు. వీటిలో ఏ పేరైనా రోగి నమోదు చేసిన జాబితాలో కనబడిన క్షణమే ఫార్మసిస్టును అడగమన్న సందేశం తెరపైకి రావాలి. మత్తు తీవ్రతను ఆటల్లాంటి చిన్న పరీక్షలతో అంచనా వేసే డ్రూయిడ్ వంటి యాప్‌లు కూడా ఉన్నాయి. తన స్థితి ఇంకా కుదురుకోలేదని తెలుసుకోవడానికి వాటిని వాడవచ్చు గానీ, వాహనం నడపడానికి అనుమతిగా ఎవరూ భావించకూడదు.

యాప్ స్టోర్ల నిబంధనలు ఇప్పటిదాకా ప్రధానంగా అమ్మకం చుట్టూనే తిరిగాయి. గంజాయి అమ్మకానికి వీలు కల్పించే యాప్‌లను గూగుల్ 2019 మేలో నిషేధించింది. చట్టబద్ధమైన దుకాణాలకు, అనుమతి ఉన్న ప్రాంతాలకే పరిమితమయ్యే షరతుపై ఆపిల్ 2021లో తలుపు తెరిచింది. అంతకన్నా గట్టి నిబంధనలు అవసరమైనది రోగి వివరాల విషయంలో. గంజాయి విక్రయ కేంద్రాలు వాడే టీహెచ్‌సూట్ అనే సాఫ్ట్‌వేర్‌కు చెందిన సమాచార నిల్వ రక్షణ లేకుండా తెరిచి ఉండటంతో 30 వేల మందికి పైగా వ్యక్తుల వివరాలు బహిర్గతమైన సంగతి 2020 జనవరిలో వెలుగు చూసింది. రోగి తనంతట తాను దించుకున్న యాప్‌కు, ఆసుపత్రి రికార్డులను కాపాడే అమెరికా చట్టం సాధారణంగా వర్తించదని చాలామందికి తెలియదు. ఐరోపా సమాఖ్యలో ఆరోగ్య సమాచారానికి ప్రత్యేక రక్షణ ఉన్నా, ‘అంగీకరిస్తున్నాను’ అన్న మీటను చదవకుండా నొక్కితే ఆ రక్షణ పలచబడుతుంది. ఈ సమాచారం రక్తపోటు అంకెల వంటిది కాదు. ఒక రాష్ట్రం అనుమతించిన గంజాయి వాడకం కూడా పౌరసత్వ దరఖాస్తుకు అడ్డంకి కావచ్చని అమెరికా వలస విభాగం 2019లో స్పష్టం చేసింది. ఉద్యోగం, బీమా, పిల్లల సంరక్షణ వివాదాల్లోనూ ఇలాంటి నమోదు ఎదురు తిరిగే అవకాశం ఉంది.

అందుకే పేరు, ఫోన్ నంబరు, ఉన్న చోటు అడగకుండా పనిచేసే యాప్‌నే ఎంచుకోవాలని రోగులకు మా సూచన. నమోదులు ఫోన్‌లోనే ఉండాలి, వైద్యుడికి ఇవ్వడానికి ఒక ఫైల్‌గా బయటికి తీయగలగాలి, చెరిపేస్తే పూర్తిగా చెరిగిపోవాలి. ఔషధ గంజాయికి అనుమతిచ్చిన ప్రభుత్వాలు ఈ భారాన్ని రోగి జాగ్రత్తకే వదిలేయడం న్యాయం కాదు. మందుకు లైసెన్సు ఇచ్చే నియంత్రణ సంస్థలే, ఏ ఉత్పత్తిదారుతోనూ సంబంధం లేని ఉచిత చిట్టా యాప్‌ను ప్రజారోగ్య నిధులతో తయారు చేయించి, వైద్యుడి చీటీతో పాటే రోగికి అందేలా చూడాలి. దుష్ప్రభావాన్ని నేరుగా ఔషధ భద్రతా విభాగానికి తెలియజేసే మీట అందులో మొదటి తెరపైనే ఉండాలి.