కాటన్ దొర మెడలోని బంతిపూల దండకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ బంతిపూల దండ గారికి,

ధవళేశ్వరం గట్టు మీంచి మీ పాత పరిచయస్థుడు రాసుకుంటున్నదండి.

తెల్లారకుండానే కడియపులంక మార్కెట్లో పుట్టి, పది గంటలకల్లా దొర గారి మెడలో పడి, సాయంత్రానికి వాడిపోయే బతుకు మీది. అయినా మే 15న మీకున్న గిరాకీ చూస్తే కుళ్ళు పుడుతుంది. 1803లో ఇదే రోజున పుట్టి, గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆ ఇంగ్లీషు ఇంజనీరుకి మొన్న ఎన్ని దండలు పడ్డాయంటే, విగ్రహం ముఖం కనబడక ఫోటోగ్రాఫరే "కాస్త కిందకి లాగండి సార్" అని అరిచాడు.

ఆ తోపులాట భరించలేక మేనల్లుణ్ణి తీసుకుని మ్యూజియంలోకి దూరాను. ఆనకట్ట పనికి వాడిన యంత్రాలున్నాయి అక్కడ. వాడు ఒక ఇనుప చక్రం ముందు ఆగిపోయాడు.

"మావయ్యా, దీంతో ఏం చేసేవారు?"

"పాతదిరా."

"పాతదని తెలుస్తోంది. ఏం చేసేవారు?"

"ముందు నీ టెన్త్ కానీ, చెబుతా" అన్నాను. మీ గురించి అడిగుంటే మూర ఎంతో, గులాబీ కలిపితే ఎంతో గడగడా చెప్పేవాణ్ణి.

పరువు పోయిందని ఆ రాత్రి కూర్చుని చదివాను. ఆనకట్టకి రాయి తోలడానికి ధవళేశ్వరంలో 1845లోనే పట్టాలు వేశారటండి! బొంబాయి–ఠాణా రైలు 1853లో అని చిన్నప్పుడు బట్టీ పట్టి మార్కులు కొట్టేసినవాణ్ణి, మా గుమ్మం ముందు పట్టాల సంగతి నాకు తెలీదు. ఆనకట్టనేమో 1847 నుంచి 1852 దాకా కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, నది మధ్యలో లంకల్ని ఆసరా చేసుకుని. దొర పక్కనుండి పని నడిపించిన వీణెం వీరన్న గారి మెడలో మీ వాళ్ళు ఎంతమంది పడ్డారు? రాళ్ళు మోసిన కూలీల సంగతి సరేసరి. వెయ్యడానికి మెడ ఎక్కడుందో తెలియాలిగా.

మీ తప్పేం లేదు లెండి. దొర రుణం తీర్చుకోడానికి మాకు చవగ్గా దొరికిన దారి మీరు. గోదాట్లో మునిగేటప్పుడు సంకల్పంలో దొర పేరు కూడా చెప్పించే పంతుళ్ళున్నారు మాకు. ఒళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చి, అదే దొర తవ్వించిన కాలవలోకి చెత్త బుట్ట బోర్లించే వాళ్ళమూ మేమే. ఒకప్పుడు ధాన్యం పడవలు లాకులు దాటుకుంటూ కాకినాడ దాకా పోయేవి. ఇప్పుడు మా వీధి లోంచి తాగేసిన కొబ్బరిబొండాలు, థర్మాకోల్ పళ్ళేలు ప్రయాణం కడుతున్నాయి. గుర్రపుడెక్క అడ్డం పడి వాటికీ ట్రాఫిక్ జామే.

ఆ సాయంత్రం మిమ్మల్ని కిందకి దించారు. దించినాయన ఎంతో భక్తిగా చుట్ట చుట్టి, కళ్ళకద్దుకుని, కాలవలోకి విసిరాడు. వారం తర్వాత లాకుల దగ్గర మళ్ళీ కనిపించారు. పూలు ఎప్పుడో కుళ్ళిపోయాయి. పచ్చటి నైలాన్ దారం మాత్రం తలుపు సందులో చిక్కుకుని, నీళ్ళు వదిలినప్పుడల్లా ఊగుతోంది.

వచ్చే మే 15న ఎలాగూ వస్తారు కదా. ఈసారి కాటన్ దారంతో రండి, కనీసం పేరైనా కలుస్తుంది.

ఇట్లు,
మొన్న మీ వెనకాల నిలబడి ఫోటో దిగినవాడు