గారడీవాళ్ళ చేతిలో మనసులు చదివే పేక గారికి, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి

అయ్యా పేక గారూ,

తమరి దాయాదులైన మామూలు పేకలతో నాకు చాలాకాలంగా సావాసం. పదమూడు ముక్కలు చేతికొస్తే ఒరిజినల్, అంటే జోకరు లేని వరస, పడేదాకా టెన్షను, పడకపోతే ఫుల్ కౌంటు, ఇంటికెళ్తే ఆవిడ చేతిలో ఇంకో కౌంటు. అయినా మా రమ్మీకి ఒక మర్యాద ఉంది. 1967లో, అప్పటి మన రాష్ట్ర ప్రభుత్వమే అప్పీలుకెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఇది మూడుముక్కలాటలాగా ఉత్త అదృష్టం కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, అందుకని ఇందులో నైపుణ్యమే ఎక్కువ అని. పందెం సంగతి వేరు, దాని జోలికి ఇప్పుడు పోను.

మరి తమరు చేతిలో ఉంటే దేన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. నైపుణ్యమంతా ఫ్యాక్టరీలోనే అయిపోయింది.

మీరు ఇద్దరు అన్నదమ్ములని తెలిసింది. పెద్దాయన ఒంట్లో యాభై రెండు ముక్కలుంటే అందులో ఇరవై ఆరు ఒకటే. అన్నీ కళావరు ఏడే అనుకుందాం. వాటి పొడవు మిగతావాటికంటే వెంట్రుకవాసి తక్కువ. ఒక పొట్టి, ఒక పొడుగు, మళ్ళీ ఒక పొట్టి, ఒక పొడుగు. బొటనవేలితో అంచు మీటితే జోడీలు జోడీలుగా జారతాయి, పొట్టివి పొడుగువాటి చాటున దాక్కుంటాయి, చూసేవాళ్ళకి అన్నీ వేరువేరు ముక్కలే కనపడతాయి. "మీ ఇష్టం, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపమనండి" అంటాడు పట్టుకున్నాయన. ఎక్కడ ఆపినా చేతికొచ్చేది కళావరు ఏడే. మనం మాత్రం మన ఇష్టప్రకారమే ఎంచుకున్నామని ఇంటికెళ్ళి చెప్పుకుంటాం.

చిన్నాయన ఇంకా గట్టివాడు. మనం ఏ ముక్క పేరు చెప్తే పేక మొత్తంలో అదొక్కటే బోర్లా తిరిగి ఉంటుంది. ఎలాగయ్యా అంటే, ముక్కలన్నీ వీపుకి వీపు ఆనించిన జంటలు. ఆ వీపులకి సన్నటి గరుకు పూత ఉంటుంది. నొక్కి పట్టి పరిస్తే రెండూ ఒకటిగా కదులుతాయి, వేలు వదులు చేసి జరిపితే విడిపోతాయి. ఇస్పేటుకి ఆఠీను, కళావరుకి డైమను, రెండూ కలిపితే పదమూడు రావాలి. ఆసుకి రాణి, రెండుకి జాకీ, మూడుకి పది, రాజుకి మాత్రం రాజే. మావాళ్ళు పెళ్ళి జాతకాల్లో కూడా ఇన్ని పొంతనలు చూడరు. సరి ముక్క అడిగితే అట్టపెట్టెలోంచి ఒక మొహం పైకి పెట్టి తీస్తాడు, బేసి అడిగితే రెండో మొహం. అంటే స్టేజీ మీద కళ్ళు మూసుకుని, నుదురు నొక్కుకునే ఆ మహానుభావుడు మన మనసు చదవడం లేదు. మనం తొమ్మిది అడిగితే, దాని జంట ముక్క కోసం పదమూడులోంచి తొమ్మిది తీసేస్తే ఎంతో లెక్కేసుకుంటున్నాడు.

ఇంత ముచ్చటైన పని చేసిన బుర్రకి దణ్ణం పెట్టాల్సిందే. గారడీ అని చెప్పి చూపించినంతకాలం తమరంటే నాకూ ఇష్టమే. ఫిర్యాదల్లా తమరు దూరుతున్న జేబుల గురించి.

ఈమధ్య మా అమ్మాయి చదివే ఇంటర్ కాలేజీలో పేరెంట్స్ మీటింగు అంటే మార్కులు చెప్తారు కాబోలని వెళ్ళాను. నెల్లూరు ఉక్కపోతలో, ఏసీ లేని హాల్లో, కోటు వేసుకున్న ఒక ట్రైనరు జేబులోంచి తమరి అన్నగారిని తీశాడు. ముందు వరసలో పిల్లని లేపాడు. అంచు మీటాడు. ఆ చప్పుడు వినగానే నాకు అనుమానం వచ్చింది. మామూలు పేకలో ముక్కలు ఒక్కొక్కటే పడతాయి, సన్నగా, ఆగకుండా. ఇక్కడ చప్పుడు మొద్దుగా, విడివిడిగా ఉంది, జోడీలు పడుతున్నాయి. "ఆపండి సార్" అంది ఆ పిల్ల. కళావరు ఏడు. హాలంతా చప్పట్లు. అదే ఆట ఆయన రెండోసారి ఆడలేదు. ఎందుకు ఆడలేదో తమరికి తెలియందేముంది, మళ్ళీ కళావరు ఏడే వస్తుంది కదా. పెద్దాయన్ని జేబులో పెట్టి చిన్నాయన్ని తీశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. "సబ్‌కాన్షియస్ మైండ్‌ని ట్యూన్ చేస్తే ప్రశ్న చూడగానే ఆన్సరు దానంతటదే వస్తుంది" అని కోర్సు గురించి ఎత్తుకున్నాడు. నా పక్కన కోవూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన కండవాతో మొహం తుడుచుకుంటూ, "ఏం పవరబ్బా! మావోడికి ఇది నేర్పిస్తే సీటు ఖాయం" అని ఫీజెంతో కనుక్కోడానికి లేచాడు.

కోవూరంటే గుర్తొచ్చింది. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన అబ్రహాం కోవూర్ అని ఒక హేతువాది ఉండేవాడు. మా ఊరికీ ఆయనకీ చుట్టరికం లేదు. మహిమలున్నవాళ్ళెవరైనా తాను చెప్పినట్టు చేసి చూపిస్తే లక్ష శ్రీలంక రూపాయలిస్తానని సవాలు విసిరాడు. అందులో ఒకటి, సీలువేసిన కవర్లో ఉన్న కరెన్సీ నోటు నంబరు చదవడం. 1978లో ఆయన పోయేదాకా ఆ డబ్బు ఎవరూ గెల్చుకోలేదు. నోటుకి గరుకు పూత ఉండదు మరి.

నాకు చిలకజోస్యం చెప్పేవాడే నయమనిపిస్తాడు. వాడు చిలకని అందరి ఎదుటా పెడతాడు, కార్డు తీసేది అదేనని ఒప్పుకుంటాడు, పని అయ్యాక గింజలు పెడతాడు. తమరిని పట్టుకున్నవాడు కష్టమంతా తమరిచేత చేయించి, పేరు తన మైండ్‌కి రాసుకుంటున్నాడు. తమరికి రోషం రాదా?

అందుకని ఒక మనవి. ఈసారి స్టేజీ ఎక్కినప్పుడు ఆ చెమట చేతుల్లోంచి ఒక్కసారి జారి కింద పడండి. ముక్కలు ఏరిచ్చే పిల్లలకి కళావరు ఏడు ఒకటికి పది దొరుకుతాయి. మిగతా సంగతి వాళ్ళు చూసుకుంటారు. కోవూరు పెద్దమనిషి కట్టిన ఫీజు వెనక్కి ఇప్పించే సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక ఇంటర్ సెకండియర్ అమ్మాయి తండ్రి