గుండుకు హాజరు పడదు

దసరా సెలవుల్లో తిరుమల వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చాను. మా అమ్మాయికి ఇంజినీరింగ్ సీటు వస్తే ఇస్తానని మొక్కిన మొక్కు అది. సీటు వచ్చి రెండేళ్లయినా రేపు మాపు అంటూ లాగాను. దేవుడు ఏమీ అనలేదు గానీ మా హాజరు యాప్ మాత్రం ఊరుకోలేదు.

మా ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు ఫోన్‌కి మొహం చూపించి హాజరు వేసుకోవడం మొదలైంది 2022 ఆగస్టులో. నేను కొండకెళ్లింది ఆ ఏడాది దసరాకే. బడి తెరిచిన రోజు ఉదయం 8.50కి వేపచెట్టు కింద ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. మా ఊళ్లో సిగ్నల్ రెండు చోట్లే అందుతుంది. ఒకటి ఈ చెట్టు కింద, రెండోది శ్మశానం గట్టు మీద. ఫోన్ నా మొహాన్ని గుండ్రటి గీతలో బిగించింది. కళ్లు ఆర్పమంది, ఆర్పాను. కాసేపు చక్రం తిప్పుకుని 'ముఖం సరిపోలలేదు' అంది.

చుట్టూ మూగిన పిల్లలు సలహాలు మొదలెట్టారు. నవ్వండి సార్. నవ్వొద్దు సార్, కార్డు ఫొటోలో నవ్వలేదు కదా. బొట్టు చెరిపేయండి సార్. అన్నీ చేశాను. అటు ఎండ పెరుగుతోంది, గుండు మెరుస్తోంది. గడియారం తొమ్మిది దాటింది.

ఇక్కడ మా బడి సంగతి కాస్త చెప్పాలి. 23 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒక గది, నేను. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపేస్తున్న ఏడాది అది. మాకు దగ్గర్లో హైస్కూలే లేదు కాబట్టి ఐదూ మాకే మిగిలాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలి. కాగితం మీద మాకూ ఇద్దరున్నారు. రెండో ఆవిడని పని సర్దుబాటు కింద పక్క ఊరికి పంపారు. ఆ పక్క ఊరి టీచర్ని ఇంకెక్కడికో సర్దుబాటు చేశారు. ఈ గొలుసు చివర ఎక్కడో టీచర్లు ఎక్కువైపోయిన బడి ఒకటి ఉండే ఉంటుంది, నాకింతవరకూ తగల్లేదు.

మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకి ఫోన్ చేశాను.

"సార్, నేను బడిలోనే ఉన్నానండి. యాప్ ఒప్పుకోవడం లేదు."

"మీరున్నారని మీరే చెప్తే ఎలా మాస్టారూ?" అన్నాడు కంప్యూటర్ దగ్గరుండే అబ్బాయి.

"పిల్లల్ని అడగండి, 23 మంది సాక్షులున్నారు."

"పిల్లలకి కాలమ్ లేదండి."

సరే, గుండు సంగతి చెప్పాను. అవతల ఎవరో నవ్వారు. మళ్లీ ఫొటో నమోదు చేయించుకోవాలట. దానికి అర్జీ, అర్జీకి ఆధార్ కాపీ, ఆధార్‌లో నిండా జుట్టున్న నా ఫొటో. పై నుంచి ఆమోదం రావడానికి ఎన్నాళ్లు పడుతుందంటే, "వచ్చినప్పుడు వస్తుందండి" అన్నాడు. అంతవరకూ ఏడాదికున్న 15 సాధారణ సెలవులు (సీఎల్‌లు) ఒక్కొక్కటే కరిగిపోతాయన్నమాట, అదీ నేను బడికి వస్తూ ఉండగా.

ఈ గొడవలో పదిన్నరయింది. ఈలోగా రోజూ యాప్‌లో పెట్టాల్సిన మిగతా ఫొటోలు గుర్తొచ్చాయి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నట్టు ఫొటోలు, భోజనం ఫొటో, ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎన్ని ఉడికాయి, ఎందరు తిన్నారు. నేను టీచర్ శిక్షణ (టీటీసీ) చదివినప్పుడు బోధనాభ్యసన సామగ్రి అని పెద్ద పాఠం చెప్పారు. మరుగుదొడ్డిని ఏ వైపు నుంచి తీస్తే బాగా పడుతుందో ఒక్కరూ చెప్పలేదు. (2024లో ఈ మరుగుదొడ్ల ఫొటోలు మాన్పించారు. ఆ రోజు కొందరు టీచర్లు స్వీట్లు పంచుకున్నారంటే నేను నమ్ముతాను, ఎందుకంటే నేనూ పంచాను.)

ఆ రోజు భోజనంలో గుడ్డు ఉంది. సాయంత్రానికి లెక్క ఇలా తేలింది: హాజరైన పిల్లలు 23, తిన్న గుడ్లు 23, హాజరైన టీచర్లు సున్నా. వెంటనే మెసేజ్ వచ్చింది, టీచరు లేని బడిలో గుడ్లు ఎవరు పంచారో వివరణ ఇవ్వాలని.

యాప్ పెట్టినవాళ్లని ఒట్టినే తిట్టడం నాకూ ఇష్టం లేదు. బడి వేళల్లో చిట్టీలు నడిపినవాళ్లు, స్థలాల బేరాలు చేసినవాళ్లు మాలోనే ఉన్నారు. నెలకి రెండుసార్లు వచ్చి నెల సంతకాలూ పెట్టి వెళ్లిన మహానుభావుడితో నేను పనిచేశాను కూడా. ఆయన కోసం పన్నిన వల ఇది. కాకపోతే ఆయన రిటైరై హాయిగా ఉన్నాడు, వల నా మీద పడింది. పైగా ఇది నేను వచ్చానా లేదా అని చూస్తుందే గానీ, వచ్చి ఏం చెప్పానో ఎవరూ అడగరు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని 'ఏదీ, ఈ లెక్క చెయ్యి' అన్న అధికారిని రెండు సార్లు చూశానేమో. చూసిన రిజిస్టర్లకైతే లెక్క లేదు.

అడిగుంటే నా బండారం బయటపడేది. మూడో తరగతికి సెలవులకి ముందు నుంచీ అప్పు తెచ్చుకునే తీసివేతలు చెప్పాలనుకుంటూ, చెప్పలేకపోతున్నాను. 52లో నుంచి 27 తీసేయమంటే వాళ్లందరికీ 35 వస్తోంది. 2లో నుంచి 7 పోదు కాబట్టి, 7లో నుంచి 2 తీసేస్తున్నారు. ఎంత తెలివైన తప్పో చూడండి. దాన్ని సరిచేయడానికి ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, పుల్లల కట్టలు విప్పించి, పది నిమిషాలు గడపాలి. మరి ఆ పది నిమిషాలకే ఏదో ఒక ఫొటో వేళ అవుతుంది.

మర్నాడు పట్టుదలగా పుల్లలు తీశాను. "ఒకట్ల ఇంట్లో చాలకపోతే ఏం చెయ్యాలి?"

"పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి సార్" అన్నాడు మూడో తరగతి పెద్దాయన. వాడికి ఎనిమిదేళ్లే గానీ మాట తీరు రచ్చబండది, అందుకని అలా పిలుస్తాను. అంతటితో ఊరుకోక నా తల వంక చూసి, "మరి మీకు జుట్టు చాలలేదు కదా సార్, మీరూ పక్కింటి నుంచి తెచ్చుకోవచ్చు కదా" అన్నాడు.

వాళ్ల తాత పౌరాణిక నాటకాల్లో కృష్ణుడు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి విగ్గు వచ్చింది, భుజాల దాకా వేలాడుతూ, కర్పూరం వాసనతో. తాతగారి షరతు ఒకటే, కత్తెర పెట్టకూడదు. జుట్టంతా వెనక్కి దోపి, పైన తువ్వాలు చుట్టి ముడేసి, చెట్టు కింద నిలబడ్డాను. కళ్లు ఆర్పాను. యాప్ టిక్కు పెట్టి, శుభదినం కోరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అలా వారాల తరబడి రోజూ ఉదయం కృష్ణుడినై హాజరు వేసుకుని, తొమ్మిది దాటాక గుండుతో పాఠం చెప్పాను. తాతగారికి కార్తీకంలో నాటకం పడితే ఆ రెండు రోజులూ నాకు సెలవు పడింది. అప్పు ఇచ్చిన పదుల ఇంట్లో ఒకటి తగ్గాలి కదా అన్నాడు పెద్దాయన. వాడికి తీసివేతలు వచ్చేసినట్టే.

చుట్టుపక్కల బడుల టీచర్లందరూ కలిసే కాంప్లెక్స్ మీటింగులో ధైర్యం చేసి లేచాను. నాలుగు బడులకి కలిపి ఒక గుమాస్తాని ఇవ్వండి, ఫొటోలన్నీ అతనే తీసుకుంటాడు. సర్దుబాటు చేసిన టీచర్ని వెనక్కి పంపండి. నెలకోసారి ఎవరైనా వచ్చి మా పిల్లల చేత లెక్క చేయించండి, వాళ్లకి లెక్క రాకపోతే నన్ను అడగండి. జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప టీచర్లని వేరే పనులకి వాడకూడదని చట్టంలో 27వ సెక్షన్ ఉందని కూడా చదివాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఆఖర్న సభలో నేను మాట్లాడుతున్న ఫొటో అప్‌లోడ్ చెయ్యమని నాకే చెప్పారు.

దీపావళి వెళ్లి నెల దాటాక కొత్త ఫొటోకి ఆమోదం వచ్చింది. అర్జీతో పాటు ఇచ్చిన గుండు ఫొటో. అప్పటికి నాకు అంగుళం జుట్టు మొలిచింది. మర్నాడు పొద్దున చెట్టు కింద నిలబడితే 'ముఖం సరిపోలలేదు' అంది.

సాయంత్రం మంగలి షాపులో కూర్చుని మళ్లీ గుండు చెయ్యమన్నాను. అతను కత్తి నూరుతూ, "ఇప్పుడే కదండీ కొండకెళ్లొచ్చారు, మళ్లీ ఏం మొక్కు మాస్టారూ?" అన్నాడు.

"ఇది పదిహేను రోజులకోసారి తీర్చాల్సిన మొక్కులే" అన్నాను. "నెలకింత అని మాట్లాడుకుందాం."