తెర మీది చుక్క గారికి విన్నపములు

వీధిలో జనం ఎలా నడుస్తారో ముందే లెక్కగట్టే సిమ్యులేషన్‌లో మనిషికి బదులుగా నడిచే మహారాజశ్రీ కంప్యూటర్ తెర మీది చుక్క గారి సముఖమునకు, తమను నడిపించి పొట్టపోసుకునేవాళ్లం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

అసలు తమ కుశలం అడగడమే దండగ. నిన్న సెకనుకు 1.34 మీటర్లు నడిచారు, ఇవాళా అంతే నడుస్తారు. చెప్పు తెగదు, చెమట పట్టదు, దారిలో తెలిసినవాళ్లు తగలరు.

1995లో హెల్బింగ్, మోల్నార్ అనే ఇద్దరు పరిశోధకులు తమ జాతకం రాశారు. గమ్యం లాగుతుంది, ఎదుటివాళ్లూ గోడలూ నెడతాయి, వేగం తగ్గితే తిరిగి అందుకోవడానికి అర సెకను వ్యవధి. అంతే బతుకు. సోషల్ ఫోర్స్ మోడల్ అని ఘనంగా పేరు పెట్టారు గానీ తమకు సంఘమూ లేదు, చుట్టరికమూ లేదు. నేలను గళ్లుగా గీస్తే గడి నుంచి గడికి గెంతే తమ దాయాదులది ఇంకో తమాషా. 40 సెంటీమీటర్ల గడి, గడికి ఒక్కరే. ఆ లెక్కన చదరపు మీటరుకు 6.25 మంది మించరు. నిజం గుంపు మించుతుంది, ఊపిరాడక మనుషులు పోయేది అప్పుడే. దాయాదుల తెర మీద ఆ ప్రమాదం పుట్టనే పుట్టదు.

తమ మర్యాద సంగతి చూద్దాం. ఇద్దరు చుక్కలు సరిగ్గా ఒకే గీత మీద ఎదురైతే నెట్టుడంతా ఆ గీత వెంటే ఉంటుంది, పక్కకు తోసే బలం సున్నా. ఇక ఇద్దరూ ముక్కూ ముక్కూ ఎదురుపెట్టుకుని ముందుకో జానెడు, వెనక్కో జానెడు వణుకుతూ నిలబడతారు. అందుకే బలాల్లో కాస్త నాయిస్, అంటే ఎటు పడితే అటు చిన్న తోపు, కలుపుతాం. తడబడితే గానీ దారివ్వని పెద్దమనుషులు తమరు! మనుషులైతే నాలుగడుగుల ముందే ఎదుటివాడి వాలకం చూసి భుజం వాలుస్తారు. 2021లో జపాన్‌లో చేసిన ప్రయోగంలో, ఎదురెదురుగా నడిచే రెండు గుంపుల్లో ఒకదాని ముందువరసలో ముగ్గురిని ఫోన్ చూస్తూ నడవమన్నారు. గుంపులు వరసలుగా విడిపోవడం ఆలస్యమైంది, ఫోన్ లేనివాళ్లూ తికమకపడ్డారు. పక్కకు తప్పుకోవడం ఇద్దరూ కలిసి చేసే పని మరి. తమరు ఎక్కువగా ఎదుటివాడు ఇప్పుడున్న చోటే చూస్తారు, ఉండబోయే చోటు అంతగా చూడరు.

దారి వెతకడంలో తమ ప్రతిభ వేరే చెప్పాలా? గుర్రపునాడా ఆకారపు గోడ అడ్డొస్తే లోపలికి దూరి, గమ్యం అటే ఉంది కదా అని గోడకు ముఖం ఆనించి సిమ్యులేషన్ అయ్యేదాకా అక్కడే. సరేనని గమ్యం నుంచి వెనక్కి ప్రతి గడికీ నడక దూరం లెక్కగట్టి, ఆ వాలు వెంట దిగిరమ్మన్నాం. దిగివచ్చారు, అందరూ మలుపు లోపలి మూలనే రాసుకుంటూ! బయటివైపు సగం వీధి ఖాళీ. దూరానికి రద్దీ ఖరీదు కూడా కలిపి, దగ్గరి దారికి బదులు త్వరగా చేరే దారి చూపిస్తే తప్ప ఆ మూల వదల్లేదు. మనుషులకు అతి దగ్గరి దారి మీద అంత మోజు లేదు. బోస్టన్, శాన్ ఫ్రాన్సిస్కోల్లో ఫోన్ జాడలు పరిశీలిస్తే, గమ్యం వైపు చూపు పెట్టిన వీధినే ఎంచుకుంటున్నారనీ, తిరుగు ప్రయాణంలో దారి మారుస్తున్నారనీ తేలింది. తమరు పోయిన దారినే వస్తారు.

ఇక అసలు నేరం. అది తమది కాదు, మాది. పటంలో ఫుట్‌పాత్ 3 మీటర్లు. మీటరు వెడల్పుకు సెకనుకు 1.2 మంది చొప్పున నిమిషానికి 216 మందిని తమరు చక్కగా దాటిస్తారు. కానీ గోడకు ఆనుకుని ఎవరూ నడవరు, అక్కడ అరమీటరు పాయె. రోడ్డంచున 40 సెంటీమీటర్లు పాయె. స్తంభానికీ, దాని పక్కన కరెంటు పెట్టెకీ 60 పాయె. మిగిలింది మీటరున్నర, అంటే 108 మంది. ఆ పెట్టెను పటంలో గీయనివాడు హాయిగా ఉన్నాడు, నివేదికలో పరువు పోయేది తమకు. పైగా కబుర్లాడుకుంటూ ముగ్గురు పక్కపక్కన నడుస్తారు. రద్దీ పెరిగితే నడిమివాడు ఒకడుగు వెనక్కి జరుగుతాడు గానీ ముగ్గురూ విడిపోరు. తమకు స్నేహితుల్ని ఇవ్వడం మరిచిపోయాం, క్షమించాలి.

కాబట్టి విన్నపమేమంటే, పెద్దల ముందు తమ ఊరేగింపుకు ముందే ఆ వీధినే పావుగంట వీడియో తీసి తమ నడకతో సరిపోల్చుకుంటాం. వేరే దేశంలో కొలిచిన వేగం తగిలించి ఊరుకోం. 2009లో ఒకే వరసలో నడిపించి చూస్తే, రద్దీ పెరిగేకొద్దీ జర్మనీవాళ్ల వేగం తగ్గినంతగా భారతీయుల వేగం తగ్గలేదు. ఎంతమంది దాటారన్నదొక్కటే సరిపోతే చాలదు, ఎక్కడ ఆగారో కూడా సరిపోవాలి.

ఇట్లు,
తమ విధేయులు

తా.క.: తమలో ఒకరు స్తంభం లోపల ఇరుక్కుని గిరగిరా తిరుగుతున్నారు. టైమ్ స్టెప్, అంటే తమ చోటు మళ్లీ మళ్లీ లెక్కగట్టే వ్యవధి, 0.1 సెకను పెట్టడం మా పొరపాటే, 0.01కి తగ్గించాం. రేపు పది గంటలకు ప్రదర్శన ఉంది, దయచేసి బయటికి రాగలరు.